ఆయమ్మకు నేను పూసిన మందు

నాకు నోరెక్కువ. ఈ మాట పుట్టింటివాళ్ళూ అన్నారు, అత్తింటి వీధిలో వాళ్ళూ అన్నారు, ఆఖరికి బాలవాడిలో నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లల తల్లులూ అన్నారు. కాదనను. ఎవరైనా తప్పు మాట అంటే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. మనసులో పెట్టుకుని కుమిలిపోవడం నా వల్ల అయ్యేది కాదు. అలాంటి నేను ఒకే ఒక్క మాటను పదేళ్ళకు పైగా నోట్లో కుక్కుకుని తిరిగాను. "అది నేనే చేశాను" అన్న మాట. చెప్పాల్సింది మా మామకు. సంగతి ఒక సాలెపురుగుది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

డెబ్బైల మొదట్లో నేను కాపురానికి వచ్చిన ఊరు, కళ్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చి రోడ్డు మీద దిగి ఇంకో రెండు మైళ్ళు నడిస్తే వస్తుంది. అత్త నేను రాకముందే పోయింది. ఇంట్లో మా ఆయన, మామ, నేను. మామ బావులు తవ్వేవాడు. రాయి పేల్చడం, మన్ను తట్టలకెత్తడం, అడుగున ఊట తగలగానే అరచేతిలో పట్టి అందరికంటే ముందు తాను తాగి చూడటం, ముప్పై ఏళ్ళు అదే పని. ఒకసారి బెళుగుప్ప దారిలో ఎవరిదో బావి తవ్వుతుంటే పైనుంచి రాయి జారి మోకాలి మీద పడింది. తోటివాళ్ళు బయటికి తీసి గట్టు నీడన పడుకోబెట్టి బండి కోసం పోయారు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఆ పూటంతా ఒక పక్కకే ఒరిగి పడుకున్న మామ మొహానికి ఎదురుగా, జానెడు దూరంలో, ఒక బొరియ. దాని మూతి దగ్గర అరచేయంత సాలెపురుగు వచ్చి కూర్చుంది. ఒళ్ళంతా బొచ్చు, బూడిద రంగు కాళ్ళు.

"నేను దాన్ని చూస్తాండా, అది నన్ను చూస్తాండాది. ఆ పొద్దు నాకు తోడున్నింది అదొక్కటే" అని మామ ఎన్నోసార్లు చెప్పాడు. కర్ర పట్టుకుని అడుగు వెయ్యగలిగిన కొద్ది రోజులకే మళ్ళీ ఆ గట్టుకు పోయి, దాన్ని చెంబులోకి తోలుకుని, మూతికి గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను వచ్చేసరికి అది మా పడసాలలో ఒక మూల, అంచు పగిలిన బానలో ఉంటోంది. బానలో సగానికి ఎర్రమన్ను, పైన ఒక పాత జల్లెడ. నాకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన రెండో రోజు ఏవో గింజలు దాచిపెట్టారనుకుని జల్లెడ ఎత్తాను. కొత్త కోడలు పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడిందట. మామ కుంటుకుంటూ వచ్చి జల్లెడ మళ్ళీ మూసి, "ఆయమ్మ ఏమీ చెయ్యదులేమ్మా. నువ్వట్ల అరిస్తే ఆయమ్మే బెదురుతాది" అన్నాడు. నా బెదురు సంగతి ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకూ అది ఆయమ్మే అయింది.

నెల తిరిగేసరికి దాని కోసం మిడతలు పట్టేది నేనే. చేను నుంచి వచ్చేటప్పుడు కొంగు కొసన రెండు మూడు ముడివేసుకుని వచ్చేదాన్ని. మామ అన్నానికి కూర్చోబోతూ "ఆయమ్మ తిన్యాదా?" అని అడిగేవాడు. మా ఆయన సంగటి ముద్ద విరుస్తూ "అడుగు నాయనా, అడుగు. మేం తిన్యామా లేదా అని ఏ పొద్దన్నా అడిగినావా?" అని ఎగతాళి చేసేవాడు. మామ నవ్వేవాడు. ముందు రెండు పళ్ళు లేని ఆ నవ్వు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మామ దాన్ని ఊరికే ముద్దుకు పెంచుకోలేదు. మోకాలు పోయాక బావిలోకి దిగే పని పోయింది, నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించే పని మిగిలింది. మా సీమలో నీళ్ళు చూసేవాళ్ళకు కొదవ లేదు. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు, ఒకరు వేపకొమ్మ పట్టుకుంటారు. మామ అవేమీ చేసేవాడు కాదు. ఎవరైనా పిలిస్తే ఎండ ఎక్కకముందే పోయి, వంగి, గట్ల వెంబడి ఆయమ్మలాంటి సాలెపురుగుల బొరియలు వెతికేవాడు. మూతికి తెల్లటి దారాల అంచు ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టు. అప్పుడు పొడుగాటి బోదగడ్డి పుల్ల ఒకటి మెల్లగా లోపలికి దించి, ఎంత లోతు పోయిందో గోటితో గిచ్చి గుర్తు పెట్టేవాడు.

"తడి తగిలేదాకా ఆయమ్మ తవ్వుకుంటా పోతాది. తగిల్నాక ఆగిపోతాది. బొరియ పొట్టిగా ఉందంటే తడి పైనుండాదని. శానా లోతుకు పోయిందంటే ఆడ నీకు పన్లేదు" అని నాకు చెప్పాడు. చేను మొత్తంలో బొరియలు ఎక్కడ పొట్టిగా ఉంటే అక్కడ తవ్వమనేవాడు. ఇందులో ఎంత శాస్త్రం ఉందో నాకు తెలియదు. మామ చూపించిన బావుల్లో నీళ్ళు మాత్రం పడ్డాయి. వాటిలో రెండింటి నీళ్ళు నేను నా చేత్తో తోడుకుని తాగాను.

బానలో ఉన్న ఆయమ్మతో మామ ఆ లెక్కనే సరిచూసుకునేవాడు. కొన్నాళ్ళు మన్ను అడుగుదాకా తడిపేవాడు, కొన్నాళ్ళు ఎండనిచ్చేవాడు, ప్రతిసారీ పుల్ల దించి కొలిచేవాడు. తన చేతి లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్పే గురువు ఆయమ్మేనని ఆయన నమ్మకం.

మాకున్నది ఒకటే చేను. మెట్ట. వానను నమ్ముకుని వేరుశనగ వేయడం, వాన రాకపోతే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం. వాన లేని ఏడు మా ఊరి మగవాళ్ళు బళ్ళారి వైపు రాళ్ళు కొట్టడానికి పోయేవాళ్ళు. చేనులో బావి పడితే మా ఆయన పోనక్కర్లేదు. నాకు అప్పట్లో అంతకు మించిన కోరిక లేదు. సంసారం అంటే ఇద్దరూ ఒకచోట ఉండటం అని నేను అనుకునేదాన్ని, ఇప్పటికీ అదే అనుకుంటాను. మామ రెండేళ్ళుగా మా చేను కొలుస్తున్నాడు. కొలిచిన ప్రతి బొరియ పక్కనా ఒక తెల్లటి పలుగురాయి పాతిపెట్టేవాడు. పొట్టి బొరియకు పెద్ద రాయి, లోతు బొరియకు చిన్న రాయి. మా ఆయన తొందరపెడితే "ఊరోళ్ళ చేను కాదు, మన చేను. ఇంగొక్క ఎండాకాలం చూసి చెప్తా" అనేవాడు.

ఆ ఎండాకాలం వచ్చింది. ఆ ముందటి వానలు మొహం చాటేసి పోయాయి. చేనులో కొలతలు పూర్తయ్యాయి, బానలో చివరిసారి తడి లెక్క చూసుకుంటే చాలు, చోటు చెప్పేస్తానన్నాడు మామ. బానకు రోజూ నీళ్ళు పోయసాగాడు, ఎప్పటికంటే కాస్త ఎక్కువగానే. నేను మైలు దూరం నుంచి బిందెలు మోస్తున్న రోజులవి. పురుగుకు చెంబుడు నీళ్ళా అని సణిగాను కూడా.

అప్పుడే ఆయమ్మ తిండి మానేసింది. మిడతను వేస్తే దాని పక్కనే నడిచిపోయేది, ముట్టేది కాదు. ఆ మిడత చచ్చి తడిమన్నులో కుళ్ళేది. నేను ఇంకొకటి వేసేదాన్ని, అదీ అంతే. పది రోజులైంది, పదిహేను రోజులైంది. ఒంటి రంగు మాసిపోయింది. పొట్ట ఉబ్బి నల్లబడింది. నడిస్తే కాళ్ళు ఈడ్చినట్టుండేది. ఒక రోజు బొరియ మూతికి దారాలు అల్లేసి తలుపు వేసుకున్నట్టు లోపలే ఉండిపోయింది. మామకు అన్నం సయించలేదు. పుల్లతో దారాలు మెల్లగా విడదీసి దాన్ని పైకి రానిచ్చి, నన్ను పిలిచాడు.

"నీ కండ్లు బాగుంటాయి గదమ్మా. ఆ కాళ్ళ సందుల్లో ఏందో ఉండాది, చూడు."

వంగి చూశాను. కాళ్ళ మడతల్లో, నోటి చుట్టూ, రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఊపిరి బిగబట్టి చూస్తే అవి కదులుతున్నాయి. "పేన్ల మాదిరుండాయి మామా. శానా ఉండాయి" అన్నాను.

ఇక్కడ నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. మా పుట్టింటి ఊరి కొండ నిండా సీతాఫలం చెట్లే. గింజలు ఎండబెట్టి, దంచి, పలచటి గుడ్డలో జల్లించి, ఆముదంలో కలిపి తలకు పట్టించి గుడ్డ కట్టేస్తే, ఎన్ని పేలున్నా ఒక్క పూటలో చస్తాయి. కంట్లో పడకుండా చూసుకోవాలి, అంతే. మా అమ్మ నేర్పింది. కాపురానికి వచ్చేటప్పుడు ఆ పొడి డబ్బాడు తెచ్చుకున్నాను. మా వీధి ఆడపిల్లల తలలన్నీ నా ఒళ్ళోకి వచ్చి పోయినవే. నన్ను డాక్టరమ్మ అని ఆటపట్టించేవాళ్ళు. నేను పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేదాన్ని.

"పేన్లే అయితే నా డబ్బాలో మందుండాది మామా, ఒక్క పూటలో పోతాయి" అన్నాను.

మామ తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. నీ మందు ఆయమ్మకు పనికిరాదు. మన్ను చెడింది, అంతే. ఆయమ్మ పుట్టిన తావుకు పోయి పొడిమన్ను తెస్తా. బాన కడిగి అది పోస్తాం. నేనొచ్చేదాకా ఏమీ ముట్టద్దు."

మర్నాడు పొద్దున్నే తుండు భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, బెళుగుప్ప దారి పట్టాడు. ఆ కాలుతో బస్సెక్కి దిగి, మళ్ళీ నడిచి, ఒక మూట మన్ను కోసం. నేను వాకిట్లో నిలబడి చూశాను. నిజం చెప్పాలి, అప్పుడు నాకు జాలి కంటే ఉక్రోషమే ఎక్కువగా ఉంది. ఊళ్ళో పిల్లలందరికీ పనికొచ్చిన నా మందు ఒక పురుగుకు పనికిరాదట. ఆయన వచ్చేసరికి ఆయమ్మ చకచకా తిరుగుతూ ఉండాలి, "కోడలే బతికించింది" అని ఆ నోటితోనే అనిపించుకోవాలి. నాకు పట్టిన పీడ అది.

మా ఆయన పనికి పోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఆయమ్మను చీపురుపుల్లతో ఒక మూకుట్లోకి తోలాను. పాపం, ఎదురు తిరగలేదు. పొడిని ఆముదంలో కలిపి, పుల్లకు దూది చుట్టి, తలలో పాపిటలు తీసినంత ఓపికగా ఒక్కో కాలి మడతా తుడిచాను. పొట్ట కింద కూడా ఆ చుక్కలు కనపడితే, పుల్లతో కొంచెం ఎత్తి అక్కడా బాగా పట్టించాను. పేలు అక్కడికక్కడే కదలకుండా అయిపోయాయి. నాకు నవ్వొచ్చింది. మామ రానీ, చూపిస్తాను అనుకున్నాను.

కాసేపటికి ఆయమ్మ నాలుగు అడుగులు వేసింది. ఆగింది. ముందు కాళ్ళు రెండూ వణికాయి. తర్వాత ఒక్కో కాలూ లోపలికి ముడుచుకోవడం మొదలైంది. నీళ్ళు చల్లాను. గుడ్డతో నూనె తుడిచాను. తుడిచేకొద్దీ ఇంకా ముడుచుకుంది. మధ్యాహ్నానికి పిడికిలి బిగించినట్టు అయిపోయింది. అప్పుడైనా బుద్ధిగా కూర్చుని ఏడ్చానా? లేదు. మూకుడు తోమేశాను, దూది పొయ్యిలో వేశాను, ఆయమ్మను శుభ్రంగా తుడిచి బానలో పెట్టి జల్లెడ మూసేశాను. అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దేవుడికెరుక.

మామ పొద్దు వాలేటప్పుడు వచ్చాడు. నెత్తి మీద తుండులో మన్ను మూట, మొహమంతా దుమ్ము. కాళ్ళు కూడా కడుక్కోకుండా బాన దగ్గరికి పోయి జల్లెడ ఎత్తాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వేమన్నా పూసినావామ్మా?"

"లేదు మామా. నువ్వు పోయినప్పుడు ఎట్లుండిందో అట్లే ఉండింది."

ఇంకో మాట అడగలేదు. ఆముదం వాసన రాలేదా అని నాకు ఇప్పటికీ అనుమానం. మా ఇంట్లో దీపం నుంచి తలదాకా ఆముదమే కాబట్టి పట్టించుకోలేదేమో. అసలు సంగతి అది కాదు. కోడలికి నోరు పెద్దదే గానీ అబద్ధం ఆడదని మామకు నమ్మకం. నలుగురిలో ఆ మాట అనేవాడు కూడా. నేను ఆ నమ్మకాన్నే అడ్డం పెట్టుకున్నాను.

మామ బానలో చెయ్యి పెట్టి అడుగు మన్ను పిడికెడు తీసి పిండాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. "నీళ్ళెక్కువైనాయి" అన్నాడు. "నేనే చంపినా. ఇన్నేండ్లూ తడి నాకు తెలుసనుకుంటి." ఆ గొంతు కోపంగా లేదు, ఏడుస్తున్నట్టూ లేదు. తెచ్చిన పొడిమన్నునంతా పెరట్లో ఒక గుంతలో పోసి, అందులో ఆయమ్మను పెట్టి కప్పాడు. ఆ రాత్రి సంగటి ముట్టలేదు.

మర్నాడు నేను అంబలి తీసుకుని చేనుకు పోయేసరికి మామ వంగి పలుగురాళ్ళన్నీ పీకేస్తున్నాడు. రెండేళ్ళ గుర్తులు. పీకి గట్టు మీద కుప్ప పోస్తున్నాడు.

"ఏమిటికి మామా తీసేస్తాండావు?"

"నా లెక్క తప్పని తెలిసిపాయ గదా. ఈ గుర్తులుంటే మీరు నమ్మి తవ్వుతారు."

చెప్పేయాల్సింది అక్కడే. ఇంకా సగం రాళ్ళు చేనులోనే ఉన్నాయి. అంబలి ముంత గట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిలబడ్డాను. నోరు పెగల్లేదు. ఊరందరినీ కడిగేసే నోరు. నిన్న అబద్ధం ఆడానని ఎలా చెప్పను? మామ ఏమంటాడు, మా ఆయన ఏమంటాడు, వీధిలో నన్ను డాక్టరమ్మ అని పిలిచేవాళ్ళు ఏమని నవ్వుతారు? అదే లెక్క వేసుకున్నాను. మామ చివరి రాయి కూడా పీకేసి అంబలి తాగాడు. నేను ఖాళీ ముంత పట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ తర్వాత మామ ఎవరికీ నీళ్ళు చూపించలేదు. మనుషులు వచ్చేవాళ్ళు, వాకిట్లో కూర్చునేవాళ్ళు, బతిమాలేవాళ్ళు. "నాకు తడి తెల్దప్పా. ఇంగెవర్నన్నా పిల్చుకో పో" అనేవాడు. మా ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఊరందరికీ చూపించినోనివి, కొడుక్కు చూపించవా నాయనా?" అని ఒకనాడు గట్టిగా అడిగాడు. "తెలిస్తే చూపించనా?" అన్నాడు మామ. ఆ ఇద్దరి మధ్యా నేను పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. పొగకు కళ్ళు మండుతున్నాయని చెప్పుకోవడానికి వీలుగా ఉండింది.

మా ఆయన మొండిపట్టు పట్టి కొబ్బరికాయ మనిషిని పిలిపించాడు. చేను నడుమ ఆ మనిషి అరచేతిలో కాయ నిటారుగా లేచి నిలబడింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. మామ దూరంగా గట్టు మీద కూర్చుని నేల వైపు చూస్తూ ఉన్నాడు. రెండు ఎండాకాలాలు తవ్వారు. మన్ను అయిపోయి మొరం వచ్చింది, మొరం అయిపోయి గుండురాయి వచ్చింది. తూటాలు పెట్టి పేల్చినా తడి చుక్క తగల్లేదు. మూడో ఎండాకాలం మా ఆయన పార గోడకు ఆనించి, బట్టలు మూట కట్టుకుని, బళ్ళారి బస్సెక్కాడు. అప్పటి నుంచి ఉగాదికీ పీర్ల పండక్కీ వచ్చి నాలుగు రోజులుండి పోయే చుట్టం అయ్యాడు. నేనెవర్ని తిట్టను? ఆ బావిలో నీళ్ళు పడనిది నా వల్లే అని నాకు తెలుసు. సరైన చోటు చెప్పగల మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఆయన నోరు మూయించింది నేను.

చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. మామకు నీళ్ళు అందిస్తున్నప్పుడు, కాలికి నూనె రాస్తున్నప్పుడు. నీళ్ళ చెంబు అందుకుని ఒక గుక్క తాగి మిగిలింది జాగ్రత్తగా పక్కన పెట్టేవాడు, తులసిచెట్టుకు కూడా పోసేవాడు కాదు. "నువ్వే పొయ్యమ్మా, ఎన్ని పొయ్యాల్నో నాకు తెల్దు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా చెంబు ఎత్తుకుని లోపలికి పోయేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని. ఒకసారి దాటేసిన మాటను మళ్ళీ పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. ఏడాది గడిస్తే ఆ ఏడాదికి కూడా జవాబు చెప్పుకోవాలి కదా.

ఎనభైల నడుమ నాకు బాలవాడిలో పని దొరికింది. తర్ఫీదుకు అనంతపురం పొమ్మన్నారు. ఒకనాడు మమ్మల్నందరినీ ఒక స్కూలుకు తీసుకుపోయి సైన్సు గది చూపించారు. గాజు బీరువాలో పాములు, కప్పలు, సీసాల్లో. ఒక పెట్టెలో దూది మీద ఆయమ్మ. అదే బొచ్చు, అవే కాళ్ళు. అక్కడే ఆగిపోయాను. "ఇది ఎట్లా చచ్చిపోయింది సార్?" అని అడిగాను.

అక్కడి మాస్టారు నవ్వారు. "చావలేదమ్మా. ఇది విడిచిన కుబుసం. పాము విడిచినట్టే ఇవీ విడుస్తాయి. విడిచే ముందు వారాల తరబడి తినవు, రంగు మాసిపోతుంది, పొట్ట నల్లబడుతుంది, బొరియ మూసుకుని పడుంటాయి. తెలియనివాళ్ళు రోగమొచ్చిందనుకుంటారు."

"మరి ఒంటి నిండా పేలు పడితే?"

"తడి ఎక్కువై, తిండి కుళ్ళితే ఆ సన్నపురుగులు చేరతాయి. పొడిమట్టిలోకి మారిస్తే చాలు. కుబుసంతో పాటే చాలావరకు రాలిపోతాయి. నూనెలూ మందులూ మాత్రం పూయకూడదు. ఇవి ఊపిరి తీసుకునేది పొట్ట కింద నుంచి."

పొట్ట కింద నేను ఎంత శ్రద్ధగా పట్టించానో నాకు గుర్తొచ్చింది. ఆ గదిలో అందరి ముందూ ఏడ్చేశాను. పక్కనున్న ఆమె పాము సీసా చూసి భయపడ్డాననుకుంది.

తర్ఫీదు ముగించుకుని ఊరు చేరిన రోజు పొద్దున, సంచీ కింద పెట్టకుండానే మామ దగ్గరికి పోయాను. అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. అప్పటికి చూపు బాగా మందగించింది, మనిషిని గొంతును బట్టే గుర్తుపట్టేవాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. డబ్బా, ఆముదం, దూది, మూకుడు, అబద్ధం, మాస్టారు చెప్పిన కుబుసం, అన్నీ. చెప్పి, తల వంచుకుని, తిట్ల కోసం ఎదురుచూశాను. కొట్టినా పడి ఉండేదాన్ని.

మామ అడిగింది ఒకటే.

"అయితే నీళ్ళతో చావలేదా?"

"లేదు మామా. నా మందుతోనే చచ్చింది. నువ్వు తెచ్చిన పొడిమన్నే సరైన మందంట."

ఆ మొహం మారడం నేను చూశాను. పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పళ్ళు లేని నోరు కొంచెం తెరుచుకుంది. కర్ర కోసం తడుముకుంటూ లేచాడు. "బోదపుల్ల ఒకటి తీస్కో పా. చేనుకు పోదాం" అన్నాడు.

నా భుజం పట్టుకుని నడిచాడు. ఆయనకు కళ్ళు నేనే. గట్టు మొదలు నుంచి చివరిదాకా వంగి వెతికాను. ఒక వైపు అయిపోయింది, రెండో వైపు అయిపోయింది. "తెల్లంచు కనబడతాందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఒకటి రెండు పాత రంధ్రాలు కనపడ్డాయి. మూతులు చితికిపోయి ఉన్నాయి, దారం లేదు, పుల్ల దించితే నాలుగు వేళ్ళ లోతులో మన్ను అడ్డొచ్చింది. మధ్యాహ్నమైంది. చేనంతటిలో ఒక్క ఆయమ్మ కూడా లేదు.

ఎందుకు లేవో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పదేళ్ళలో వేరుశనగకు ఎర్ర గొంగళిపురుగు పడినప్పుడల్లా అందరం పురుగుమందు పొడి గుడ్డసంచుల్లో పోసి సాలు సాలుకూ, గట్టు గట్టుకూ దులిపాం. మా ఆయన ఊళ్ళో లేడు కాబట్టి మా చేనులో దులిపింది నేనే. ఆ మాట కూడా మామకు చెప్పాను. ఇక దాచడానికి ఓపిక లేదు.

"నా రాళ్ళు యాడుండేవో నీకేమన్నా గుర్తుండాదా?" అని అడిగాడు.

నాకు గుర్తులేదు. గట్లు ఎన్నోసార్లు తెగాయి, మళ్ళీ వేశాం. మామ కర్ర ఎత్తి ఒకవైపు చూపించాడు. మళ్ళీ కొంచెం పక్కకు తిప్పాడు. "ఈడనో... ఆ పక్కనో" అన్నాడు. తర్వాత కర్ర దించేశాడు. నా చేతిలోని పుల్ల తీసుకుని, గోటితో ఒకసారి గిచ్చి, మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"ఆ పొద్దే చెప్పింటే ఒగ తిట్టు తిట్టేవాణ్ణి" అన్నాడు. "తిట్టి, పీకిన రాళ్ళు మళ్ళా పెట్టుకునేవాణ్ణి గదమ్మా."

కోపంగా అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని ఇంటివైపు తిరిగాడు. మా ఎండు బావి పక్కనుంచి నడిచాం. ఆ ఏడు కూడా మా ఆయన బళ్ళారిలోనే ఉన్నాడు.